క్రికెట్ పందెమా, గుర్రప్పందెమా? ఏది నయం, ఎంత పోతుంది, ఎందుకు పోతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రెండేళ్లుగా క్రికెట్ మీద, గుర్రాల మీద పందేలు కాస్తున్నారు. వారం పాటు వరసగా గెలుస్తారు, రెండు రోజుల్లో అదంతా పోయి చేతిది కూడా పోతుంది. గుర్రాలే నయం, అది తెలివితేటల ఆట అని మీ స్నేహితుడు అంటున్నాడు. రెండింటిలో ఏది మేలు, ఈ ఎగుడుదిగుళ్లు లేకుండా నిలకడగా సంపాదించే దారి ఉందా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: పోయింది రాబట్టడానికి అప్పు తెచ్చి ఒక్కసారి పెద్దగా కాస్తే ఎలా ఉంటుంది అని.

ముందే సూటిగా చెప్పేస్తాను. మీలా ఆడేవాళ్లకు రెండింటిలో ఏదీ ఆదాయం కాదు. గుర్రప్పందెంలో ఒక్కో పందెం మీద కోత, అంటే పందెం తీసుకునేవాళ్లు తమకు మినహాయించుకునే వాటా, ఎక్కువ. క్రికెట్‌లో కోత తక్కువే, కానీ అదే డబ్బు ఒక్క మ్యాచ్‌లో పదిసార్లు చేతులు మారుతుంది కాబట్టి జేబు ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. అప్పు తెచ్చి కాయడం మాత్రం ఏ లెక్కన చూసినా వద్దు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

నేను చాలా ఏళ్లు పందేలు తీసుకునే వాళ్ల దగ్గర పనిచేశాను. మొదట రేసులకు రేట్లు కట్టేవాణ్ణి, తర్వాత క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా రేట్లు మార్చే పనిలో ఉన్నాను. గెలిచేవాళ్ల ఖాతాలు ఎలా ఉంటాయో, ఓడేవాళ్ల ఖాతాలు ఎలా ఉంటాయో రోజూ చూసేవాణ్ణి. కింద రాసేదంతా అక్కడ నేర్చుకున్నదే.

కోత ఎక్కడ దాగుంటుంది

రెండు జట్లూ సరిసమానంగా ఉన్నాయనుకోండి. అప్పుడు న్యాయమైన రేటు 2.00. అంటే వంద కాస్తే గెలిచినప్పుడు రెండొందలు చేతికి రావాలి. కానీ మీకు కనిపించేది 1.90, 1.90. ఒకరు ఇటు వంద, ఇంకొకరు అటు వంద కాస్తే మా చేతికి వచ్చేది 200, ఎవరు గెలిచినా మేం ఇచ్చేది 190. మ్యాచ్ ఎవరు గెలుస్తారో మేం ఊహించాల్సిన పనే లేదు. ఈ రేటు దగ్గర మీరు పెట్టింది పోకుండా ఉండాలంటేనే నూటికి దాదాపు 53 పందేలు గెలవాలి. చాలామంది "సగానికి పైగా గెలుస్తున్నాను కదా, డబ్బెందుకు నిలవట్లేదు" అని తల పట్టుకుంటారు. కారణం ఇదే.

ఇప్పుడు రేసు చూడండి. ఎనిమిది గుర్రాలకు రేట్లు 2.5, 4, 6, 8, 11, 15, 21, 26 అని పెట్టారనుకుందాం. ఒక్కో రేటుతో వందను భాగిస్తే 40, 25, 16.7, 12.5, 9.1, 6.7, 4.8, 3.8 వస్తాయి. కూడితే 118 దాటుతుంది. న్యాయంగా అయితే అది వందే కావాలి. పైనున్న ఆ పద్దెనిమిది పందెం తీసుకునేవాడిది. బుకీ దగ్గర కాకుండా టోట్‌లో కాసినా కోత తప్పదు. అందరి డబ్బూ ఒకచోట కలిపి, ముందు కొంత తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచే ఈ పద్ధతి 1860ల్లో ప్యారిస్‌లో జోసెఫ్ ఒల్లర్‌తో మొదలైంది. హాంకాంగ్‌లో విన్ (గుర్రం గెలుస్తుందని), ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో వస్తుందని) పందేల మీద తీసే కోత 17.5 శాతం. జాక్‌పాట్ లాంటి కలగలుపు పందేల్లో చాలా చోట్ల ఇంకా ఎక్కువే తీస్తారు.

క్రికెట్‌లోనూ నాలుగైదు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెంగా కాసేవాళ్లున్నారు. తక్కువ పెట్టుబడి, పెద్ద మొత్తం అని అదంటే మోజు. 1.90 రేటు మ్యాచ్‌లు నాలుగు కలిపితే వచ్చేది పదమూడు రెట్లు. న్యాయంగా రావాల్సింది పదహారు రెట్లు. ఒక్కో మ్యాచ్ మీద ఐదు శాతం ఉన్న కోత నాలుగు కలిపేసరికి పద్దెనిమిది దాటింది. మేం ఈ పందేలను ఎందుకు అంత గట్టిగా ప్రచారం చేసేవాళ్లమో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది.

క్రికెట్‌లో అసలు దెబ్బ మ్యాచ్ మొదలయ్యాక పడుతుంది

టాస్‌కి ముందు ఒక పందెం కాసి ఊరుకునేవాళ్లు చాలా అరుదు. ఒక ఖాతా నాకు బాగా గుర్తుంది. ఒక టీ20 మ్యాచ్. కుర్రాడి దగ్గర ఐదు వేలు ఉన్నాయి, మ్యాచ్‌కి ముందు వెయ్యి కాశాడు. మూడో ఓవర్లో ఓపెనర్ అవుటయ్యాడు. నష్టం తగ్గించుకుందామని అవతలి జట్టు మీద ఇంకో రెండు వేలు. తర్వాతి ఓవర్లో రెండు సిక్సర్లు పడ్డాయి, మళ్లీ ఇటు. మధ్యలో పవర్‌ప్లే సెషన్‌లో ఎన్ని పరుగులు వస్తాయని ఒకటి, తర్వాతి వికెట్ ఎలా పడుతుందని ఒకటి. మ్యాచ్ ముగిసేసరికి అతను కాసిన పందేలన్నీ కలిపితే అరవై వేలు అయ్యాయి. ఐదు శాతం కోతే అనుకున్నా అరవై వేల మీద అది మూడు వేలు. తర్వాత ఫోన్ చేసి అతను అన్న మాట: "నేను ఆడింది ఐదు వేలతోనే కదండీ." తన దృష్టిలో అది నిజమే. కానీ కోత పడేది ఖాతాలో ఉన్న సొమ్ము మీద కాదు, చేతులు మారిన మొత్తం మీద. పైగా ఆట నడుస్తుండగా ఇచ్చే రేట్లలో కోత మామూలుగా ఇంకా ఎక్కువే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు టీవీలో లేదా ఫోన్‌లో చూసే బంతి కొన్ని సెకన్ల కింద పడిపోయిన బంతి. రేట్లు మార్చేవాళ్లకు మైదానం నుంచి సమాచారం అంతకంటే ముందే అందుతుంది. మీరు బటన్ నొక్కగానే పందెం ఖాయమైపోదు, కొన్ని సెకన్లు ఆపి ఉంచుతారు. ఆలోపు వికెట్ పడితే పందెం తిరస్కరిస్తారు, లేదా రేటు మార్చి మళ్లీ అడుగుతారు. ఏమీ జరగకపోతే తీసుకుంటారు. మీకు కలిసొచ్చే సందర్భాలు వడపోతలో పోతాయి, మిగతావి ఖాయమవుతాయి. క్రికెట్ మీకు ఎంత బాగా తెలిసినా ఆ కొన్ని సెకన్లను తెలివితో పూడ్చలేరు.

పిచ్ చదవడం, మంచు పడితే రెండో ఇన్నింగ్స్‌లో బంతి జారుతుందని తెలియడం, వాన వస్తే డక్‌వర్త్ లూయిస్ లెక్క ఎటు మొగ్గుతుందో పసిగట్టడం, ఇవన్నీ నిజమైన తెలివే. ఆ తెలివిని నేను తక్కువ చేయను. కానీ అదంతా మీకు తెలిసినట్టే రేటు కట్టేవాడికీ తెలుసు. టాస్ పడిన అర నిమిషంలో అది రేటులోకి ఎక్కేస్తుంది.

గుర్రాలు తెలివితేటల ఆటేనా?

మీ స్నేహితుడి మాటలో సగం నిజముంది. ఇండియాలో సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందేలు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినవని తీర్పిచ్చింది. క్రికెట్ పందేలకు అక్కడ అలాంటి తీర్పు అండ లేదు. అయితే కోర్టు చూసింది చట్టం కోణం నుంచి. నైపుణ్యం అవసరమైన ఆట అన్నంత మాత్రాన మీ దగ్గర కోతను దాటేంత నైపుణ్యం ఉందని అర్థం కాదు.

రేసుల్లో చదవాల్సింది నిజంగానే చాలా ఉంటుంది. హ్యాండిక్యాప్ రేసు తీసుకోండి. బాగా పరిగెత్తే గుర్రం మీద బరువు ఎక్కువ వేస్తారు, అన్నీ దాదాపు కలిసే గీత దాటాలన్నది ఉద్దేశం. కాబట్టి "పోయినసారి నాలుగు లెంగ్తుల (నాలుగు గుర్రాల పొడవంత) తేడాతో గెలిచింది" అన్న వార్తలో మీకు అందే లాభం చాలావరకు ఈసారి మోయబోయే బరువులోనే కరిగిపోయి ఉంటుంది. ట్రాక్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, గేటు నంబరు లోపలిదా బయటిదా, జాకీ మారాడా, దూరం పెరిగిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ప్యాడాక్‌లో, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించే ఆవరణలో, గుర్రం నడక చూసి, చెమటలు పట్టి బెదురుతోందా, చెవులు నిక్కబొడుచుకుని ఉత్సాహంగా ఉందా అని గమనించే పాత పంటర్లను (పందెం కాసేవాళ్లను) చూస్తూ నేను గంటలు గంటలు గడిపాను. ఆ విద్యలో ఉన్న ఆనందం వేరు. డబ్బు లెక్క పక్కన పెడితే రేసుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఆ విద్యతో నిజంగా గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1980ల్లో బిల్ బెంటర్, అలన్ వుడ్స్ హాంకాంగ్ వెళ్లి కంప్యూటర్ లెక్కలతో రేసులు ఆడారు. బెంటర్ 1994లో తన పద్ధతిని ఒక పరిశోధన వ్యాసంగా ప్రచురించాడు. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఒకటుంది. తన సొంత లెక్కను జనం కట్టిన రేట్లతో కలిపితేనే ఫలితం సరిగ్గా వచ్చేది. అంటే ప్రపంచంలో అంత లోతుగా రేసులు చదివిన మనిషి కూడా జనం రేటును తీసిపారేయలేదు. అతని వెనక ఏళ్ల తరబడి పోగేసిన సమాచారం, జట్టు, పెద్ద పెట్టుబడి ఉన్నాయి. టోట్‌లో మీరు కాసేది అలాంటివాళ్లకు ఎదురుగా అని గుర్తుంచుకోండి. వాళ్ల డబ్బు గేట్లు తెరుచుకునే ముందు చివరి క్షణాల్లో వచ్చి పడుతుంది. మీరు 8కి కాశాననుకున్న గుర్రం రేసు మొదలయ్యేసరికి 5కి దిగిపోయి ఉంటుంది.

ఇంకో పాత సంగతి. ఫేవరెట్లు, అంటే అన్నిటికంటే తక్కువ రేటున్న గుర్రాలు, మూడు రేసుల్లో దాదాపు ఒకటి గెలుస్తాయి. జనం మాత్రం పెద్ద రేటున్న గుర్రాల మీద వాటి అర్హతకు మించి కాస్తారు. 1949లోనే గ్రిఫిత్ అనే పరిశోధకుడు రేసు రేట్లను పరిశీలించి ఈ ధోరణిని బయటపెట్టాడు. ఇంగ్లండ్‌లో కంచెలు దూకుతూ సాగే గ్రాండ్ నేషనల్ రేసులో 1967లో ముందున్న గుర్రాలు ఒక కంచె దగ్గర పడిపోయో ఆగిపోయో చిక్కుకుపోతే, వెనక ఎక్కడో ఉన్న ఫోయినావన్ ఆ గందరగోళంలోంచి బయటపడి 100-1 రేటుతో (రూపాయికి వంద రూపాయల లాభం) గెలిచింది. క్రికెట్‌లో 1981 హెడింగ్లీ టెస్టు ఉంది. బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సొచ్చి (ఫాలో ఆన్) ఆడుతున్న ఇంగ్లండ్‌కి 500-1 రేటు ఇచ్చారు, బోథమ్ 149 కొట్టాడు, విల్లిస్ ఎనిమిది వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 18 పరుగులతో గెలిచింది. ఆ రేటుకి కాసినవాళ్లలో ఆస్ట్రేలియా ఆటగాళ్లు లిల్లీ, మార్ష్ కూడా ఉన్నారు. ఇలాంటివి తరాల పాటు చెప్పుకుంటారు. అలాంటి రేట్లకు కాసి పోగొట్టుకున్నవాళ్ల కథ ఎవరూ చెప్పరు, అందుకే అలాంటి గెలుపు నిజంగా జరిగేదానికంటే ఎక్కువగా జరుగుతుందని మనకు అనిపిస్తుంది.

ఎగుడుదిగుళ్ల లెక్క

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ భాగమే. గెలిచిన వారం మీ తెలివి వల్ల, ఓడిన రెండు రోజులు ఖర్మ వల్ల అన్నట్టు రాశారు. ఒక లెక్క చూడండి. ఏ నైపుణ్యమూ లేకుండా, నాణెం ఎగరేసి 1.90 రేటుతో వంద పందేలు కాసిన పదిమందిని తీసుకుంటే, అందులో ముగ్గురు లాభంలో ఉంటారు. ఆ ముగ్గురూ తమకు ఆట తెలిసిపోయిందని నమ్ముతారు, పందెం పెంచుతారు, పక్కవాళ్లకు టిప్స్ ఇస్తారు. అదే పద్ధతిలో వెయ్యి పందేలు కాస్తే లాభంలో మిగిలేది ఇరవైమందిలో ఒకరే. మీ మంచి వారాలు అబద్ధం కావు, కానీ వాటిని బట్టి ఏమీ తేల్చలేం.

రేసుల్లో ఊగిసలాట ఇంకా ఎక్కువ. మూడింట ఒకటి గెలిచే ఫేవరెట్ల మీదే కాస్తున్నా, వంద పందేల్లో ఎక్కడో ఒకచోట వరసగా పది ఓడిపోవడం వింతేమీ కాదు. ఆ పదో ఓటమి తర్వాత కూడా అంతే మొత్తం కాసేవాణ్ణి నేను చాలా తక్కువగా చూశాను.

మీకు నిజంగా నైపుణ్యం ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. మేం లోపల వాడేది అదే. మీరు పందెం కాసినప్పటి రేటునూ, మ్యాచ్ మొదలయ్యే ముందు చివరి రేటునూ పక్కపక్కన రాయండి. మీరు 2.10కి తీసుకున్నది చివరికి 1.95కి దిగిందంటే అందరికంటే ముందు మీకేదో కనిపించిందన్నమాట. అలా నెలల తరబడి ఎక్కువసార్లు జరుగుతుంటే మీలో విషయం ఉంది. జరగకపోతే, గెలిచిన పందేలు కూడా అదృష్టమే. బాధాకరమైన సంగతేమిటంటే, ఈ పరీక్షలో నెగ్గిన ఖాతాలను మేం గుర్తుపట్టి వాళ్లు కాయగలిగే మొత్తానికి పరిమితి పెట్టేవాళ్లం. ఓడుతున్నవాళ్లకు మాత్రం బోనస్‌లు పంపేవాళ్లం.

"పద్ధతులు" గురించి రెండు మాటలు చాలు. ఓడినప్పుడల్లా రెట్టింపు కాసే పద్ధతిలో వందతో మొదలుపెట్టి ఏడుసార్లు వరసగా ఓడితే 12,700 పోతాయి, అదీ వంద గెలవడం కోసం. 1956లో జాన్ కెల్లీ ఎంత కాయాలో చెప్పే సూత్రం ఇచ్చాడు, దాన్ని చాలామంది మంత్రంలా చెబుతుంటారు. మీకు అనుకూలత ఏమీ లేనప్పుడు ఆ సూత్రం ఇచ్చే జవాబు సున్నా. ఇక డబ్బు తీసుకుని "ఫిక్స్ అయిన మ్యాచ్" చెబుతామనేవాళ్లను నమ్మకండి. ఫిక్సింగ్ లేదని నేననను. 2000లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే ఉదంతం, 2010 లార్డ్స్ టెస్టులో ముందే చెప్పినట్టు పడిన నోబాల్స్ లోకమంతా చూసింది. కానీ నిజంగా తెలిసినవాడు దాన్ని మీకు అమ్ముకోడు. సగంమందికి ఒక జట్టు, మిగతా సగంమందికి ఇంకో జట్టు చెప్పి, గెలిచిన సగంతో మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

అప్పు గురించి

1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్స్కీ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో రేసుల ప్రస్తావన ఉంది. రోజు చివర్లో, నష్టంలో ఉన్నవాళ్లు ఆఖరి రేసులో పెద్ద రేటున్న గుర్రాల వైపు మళ్లుతారు. పొద్దున జేబులో డబ్బు నిండుగా ఉన్నప్పుడు వాళ్లు ఆ పందెం ముట్టుకునేవాళ్లు కాదు. పోయిన డబ్బును ఇంకా పోయినట్టు ఒప్పుకోనివాడి చేతి నుంచి ఎలాంటి పందేలు వస్తాయో మేం రోజూ చూసేవాళ్లం. ఆఖరి రేసుకి, ఆఖరి ఓవర్లకి మాకు పని పెరిగేది అందుకే. మీరు తేవాలనుకుంటున్న అప్పు సరిగ్గా ఈ ఆఖరి రేసు పందెమే.

లెక్కగా చూసినా, గెలిచే అవకాశం మీ పాత బాకీని చూసి పెరగదు. వడ్డీ మాత్రం గెలిచినా ఓడినా పెరుగుతుంది. బుకీయే అప్పు మీద ఆడనిస్తున్నాడంటే మరీ ప్రమాదం. చేతిలోంచి నోటు కదలదు కాబట్టి పోతున్నట్టు అనిపించదు, తర్వాత వసూలుకి వచ్చేవాళ్లు మర్యాదస్తులు కారు.

ఇంకో మాట, దయచేసి తప్పుగా అనుకోకండి. గెలిచినా ఓడినా మునుపటి కిక్ రావడం లేదని పందెం పెంచుతున్నారా? మానేసిన రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం ఉన్నాయా? ఎంత పోయిందో ఇంట్లో అబద్ధం చెబుతున్నారా? పోయింది రాబట్టడానికే మళ్లీ కూర్చుంటున్నారా? వీటిలో చాలావరకు మీకు వర్తిస్తుంటే అది చెడ్డ అలవాటు స్థాయి దాటిన విషయం. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో జూద వ్యసనం మద్యం, మత్తుమందుల వరసలోనే ఉంది. గుర్రం ముక్కు తేడాతో రెండో స్థానంలో రావడం, ఆఖరి బంతికి ఒక్క పరుగుతో పోవడం లాంటి దగ్గరి ఓటములు మెదడులో గెలుపును పోలిన స్పందనే పుట్టిస్తాయని పరిశోధనలు చూపించాయి. కాబట్టి మనోబలం చాలకే ఇలా అయిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. సైకియాట్రిస్టును గానీ సైకాలజిస్టును గానీ కలవండి, దీనికి చికిత్స ఉంది.

ఈ వారం మీరు చేయగలిగింది ఇది. ఖాతా స్టేట్‌మెంట్ రెండేళ్లది మొత్తం దించుకోండి. వేసిన డబ్బు ఎంత, తీసిన డబ్బు ఎంత, ఈ రెండు అంకెలు చాలు, మధ్యలో గెలిచినవేవీ లెక్కలోకి వద్దు. ఆ తేడాను ఇంట్లో మీరు ఎక్కువగా నమ్మే ఒక మనిషికి చూపించండి. ఖాతాకు పరిమితి పెట్టుకునే, పూర్తిగా మూసేసుకునే వీలు ఉంటే అదే రోజు వాడుకోండి. ఇప్పటికే అప్పులుంటే ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అని ఇక్కడే కింద రాయండి, పేర్లు అక్కర్లేదు. ఏది ముందు తీర్చాలో కూర్చుని లెక్క వేసి చెబుతాను.